ఆన్‌లైన్ గేమ్‌లో ఫైల్ మారిస్తే పోయేది ఒక్క ఐడీనేనా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఏడింటికి మా పిన్ని కొడుకు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. ఆదివారం ఏడింటికి లేచే రకం అస్సలు కాదు. "అన్నా, నా ఐడీ పోయింది" అన్నాడు. నేను నిద్రమత్తులో "ఏ ఐడీ రా, కాలేజ్ ఐడీనా?" అన్నా. "కాదన్నా, గేమ్ ఐడీ. బ్యాన్ అయింది" అన్నాడు. సరే, కొత్తది చేసుకో అని పెట్టేయబోతుంటే మెల్లగా ఇంకో మాట అన్నాడు. "అన్నా, అమ్మ అకౌంట్‌లోంచి పద్దెనిమిది వేలు కూడా పోయాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు."

నిద్ర మొత్తం దిగిపోయింది నాకు.

వాడు చేసింది ఏంటంటే, టెలిగ్రామ్ గ్రూప్‌లో ఎవరో పెట్టిన ఒక మాడిఫైడ్ గేమ్ ఫైల్ దించుకున్నాడు. వాడి ఫోన్ పాతది, గేమ్ నత్తలా నడుస్తుంది, అందుకని పిన్ని ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేశాడు. పిన్ని ఫోన్‌లోనే బ్యాంక్‌కి లింక్ అయిన సిమ్ ఉంది. మిగతాది తర్వాత చెప్తా. వాడికి ఫోన్‌లో అరగంట చెప్పిన విషయాన్నే ఈ రోజు మీ అందరికీ పద్ధతిగా చెప్పాలనుకుంటున్నా. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ గేమ్‌లో ఫైల్స్ మారిస్తే లోపల నిజంగా ఏం జరుగుతుంది? ఎలా దొరికిపోతారు? ఇంకా ముఖ్యంగా, ఐడీ కాకుండా ఇంకేం పోతాయి?

ముందే ఒక మాట. నేను మోడింగ్‌కి వ్యతిరేకిని కాదు. చిన్నప్పుడు మా ఊళ్ళో నెట్ సెంటర్‌కి వెళ్తే వైస్ సిటీ ఫోల్డర్‌లో తెలుగు పాటలు వేసి ఉండేవి. బైక్ ఎక్కితే రేడియోలో మన పాటలు వచ్చేవి, గుర్తుందా? ఆ గేమ్‌లో మన పాటలు పెట్టుకోడానికి కంపెనీ వాళ్ళే ఒక ఫోల్డర్ ఇచ్చారు. తర్వాత కార్లు మార్చారు, హీరో చొక్కా మార్చారు. ఎవరికీ నష్టం లేదు, అందరికీ సరదా.

అంతెందుకు, మనం ఆడే పెద్ద గేమ్స్ కొన్ని మోడ్స్‌లోంచే పుట్టాయి. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే గేమ్‌కి ఇద్దరు కుర్రాళ్ళు చేసిన మోడ్. డోటా మొదట వార్‌క్రాఫ్ట్ 3కి చేసిన మ్యాప్. ఆర్మా 2 అనే మిలిటరీ గేమ్‌కి డేజెడ్ అని ఒక మోడ్ వచ్చింది. దాని మీద బ్రెండన్ గ్రీన్ అనే ఆయన బ్యాటిల్ రాయల్ మోడ్ చేశాడు. తర్వాత ఆయనే 2017లో వచ్చిన పబ్జీకి మూలపురుషుడు అయ్యాడు. అంటే ఫైల్ మార్చడం అనేది పాపం ఏమీ కాదు. ఎక్కడ మారుస్తున్నాం, ఎవరితో ఆడుతూ మారుస్తున్నాం అన్నదే పాయింట్.

మీ ఇంట్లో క్యారమ్ బోర్డ్ ఉంది. దాని మీద ఎంత పౌడర్ అయినా వేసుకోండి, రెండు స్ట్రైకర్లతో ఆడుకోండి, ఎవరూ అడగరు. అదే నలుగురు కూర్చుని పందెం పెట్టుకుని ఆడుతున్నప్పుడు మీ వైపు జేబు మాత్రమే పెద్దది చేసుకుంటే? ఇక ఎవడూ ఊరుకోడు. సింగిల్ ప్లేయర్‌కి, ఆన్‌లైన్‌కి తేడా అంతే. జీటీఏ 5 విషయంలో కూడా ఇదే గీత గీశారు. 2017లో ఓపెన్ ఐవీ అనే మోడింగ్ టూల్ మీద కంపెనీ లీగల్ నోటీస్ పంపితే ప్లేయర్స్ పెద్ద గొడవ చేశారు. చివరికి, డబ్బు కోసం కాకుండా సింగిల్ ప్లేయర్‌లో మోడ్స్ చేసుకుంటే మామూలుగా కేసులు వేయం అని రాక్‌స్టార్ చెప్పింది. జీటీఏ ఆన్‌లైన్‌లో మాత్రం ఆ మినహాయింపు లేదు.

ఇప్పుడు కొంచెం ఇంజనీరింగ్. బోర్ కొట్టదు, రెండు నిమిషాలు వినండి.

ఆన్‌లైన్ గేమ్‌లో రెండు చోట్ల పని జరుగుతుంది. ఒకటి మీ ఫోన్ లేదా పీసీ, దాన్ని క్లయింట్ అంటాం. రెండోది కంపెనీ వాళ్ళ సర్వర్. సర్వర్ అంపైర్ లాంటిది. మీ హెల్త్ ఎంత, బుల్లెట్ తగిలిందా లేదా, మీ దగ్గర ఎన్ని కాయిన్స్ ఉన్నాయి అనే లెక్కలు సరిగ్గా డిజైన్ చేసిన గేమ్‌లో సర్వర్ దగ్గరే ఉంటాయి. అందుకే "అన్‌లిమిటెడ్ డైమండ్స్" అని వచ్చే మోడ్స్‌తో ఆన్‌లైన్ గేమ్‌లో మీరు ఏమీ కొనలేరు. స్క్రీన్ మీద నంబర్ మారుతుంది, అంతే. బ్యాంక్ పాస్‌బుక్‌లో మనమే పెన్నుతో ఒక సున్నా కలుపుకున్నట్టు అది. క్యాషియర్ దగ్గరికి వెళ్తే తెలుస్తుంది.

మరి గోడ వెనక మనిషి కనిపించే వాల్‌హ్యాక్ ఎలా పనిచేస్తుంది? అన్ని లెక్కలూ సర్వర్‌లోనే చేసి, ప్రతి చిన్నదానికీ మీ ఫోన్ అడిగి తెలుసుకోవాలంటే లేట్ అవుతుంది, గేమ్ ల్యాగ్ కొడుతుంది. అందుకని చుట్టుపక్కల ఎవరు ఎక్కడ ఉన్నారో సర్వర్ మీ ఫోన్‌కి ముందే పంపిస్తుంది. గోడ వెనక శత్రువు ఉన్నాడని మీకు తెలీదు గానీ మీ ఫోన్‌కి తెలుసు. గోడని, గడ్డిని, పొగని గీసే పని మీ ఫోన్‌దే. ఆ గీసే ఫైల్‌ని మారిస్తే గోడ పారదర్శకం అయిపోతుంది, గడ్డి మాయమైపోతుంది. దీనికి విరుగుడుగా కొన్ని గేమ్స్ అవసరం వచ్చే వరకు శత్రువు పొజిషన్‌ని పంపించడమే మానేశాయి. వాలరెంట్‌లో ఫాగ్ ఆఫ్ వార్ అనే సిస్టమ్ చేసే పని అదే.

సో, జనం మార్చే ఫైల్స్ మూడు రకాలు. మొదటిది కాన్ఫిగ్ ఫైల్. గ్రాఫిక్స్ ఎంత, ఎఫ్‌పీఎస్ ఎంత, నీడలు ఉండాలా వద్దా అని రాసుకునే చిన్న టెక్స్ట్ ఫైల్. జీఎఫ్ఎక్స్ టూల్స్ చేసేది ఎక్కువగా దీన్ని మార్చడమే. రెండోది అసెట్ ఫైల్స్. అంటే బొమ్మలు, టెక్స్చర్స్, సౌండ్స్, మ్యాప్ ఉండే పెద్ద ఫైల్స్. మూడోది గేమ్ ప్రోగ్రామ్‌నే మార్చేసి కొత్త ఏపీకేగా కట్టి ఇవ్వడం, మోడ్ ఏపీకే అంటారు కదా, అది. మొదటి దాని నుంచి మూడో దానికి వెళ్ళే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. కానీ మొదటిది చిన్నదే కదా అని వదిలేయరు. గడ్డిని తీసేసేది కూడా చాలాసార్లు ఆ చిన్న ఫైలే.

ఎలా దొరుకుతారు? ఒకటి, హ్యాష్. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర అనుకోండి. ఎంత పెద్ద ఫైల్ అయినా ఎస్‌హెచ్ఏ 256 లాంటి ఫార్ములాలో వేస్తే 64 అక్షరాల కోడ్ వస్తుంది. ఫైల్‌లో ఒక్క చుక్క మార్చినా కోడ్ మొత్తం మారిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ సర్వర్లలో ఎస్‌వీ ప్యూర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మీ ఫైల్ వేలిముద్ర, అసలు ఫైల్ వేలిముద్ర సరిపోల్చి చూస్తుంది. సరిపోకపోతే ఆ ఫైల్ నడవదు, లేదా మీరు బయటికి.

రెండు, మెమరీ. ఫైల్‌ని ముట్టుకోకుండా గేమ్ నడుస్తున్నప్పుడు లోపలికి తొంగిచూసే ప్రోగ్రామ్స్ ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో డోటా 2లో ఏం జరిగిందో చూడండి. మామూలుగా ఆడేవాళ్ళ గేమ్ ఎప్పుడూ చదవని ఒక డేటా ముక్కని వాల్వ్ కంపెనీ గేమ్ లోపల పెట్టింది. దాన్ని చదివేది చీట్ సాఫ్ట్‌వేర్ మాత్రమే. అంటే ఎలుకల బోనులో ఉల్లిపాయ ముక్క పెట్టినట్టు. ఎవరెవరు ముట్టుకున్నారో చూసి 40 వేలకు పైగా అకౌంట్లు ఒకేసారి బ్యాన్ చేశారు.

మూడు, ఆలస్యం. ఇది చాలామందికి అర్థం కాదు. "బ్రో, నేను రెండు వారాల నుంచి వాడుతున్నా, ఏం కాలేదు" అంటారు. దొరికిన రోజే బ్యాన్ చేస్తే ఏ పని వల్ల దొరికారో చీట్ తయారుచేసినవాడికి తెలిసిపోతుంది. అందుకే పేర్లు రాసిపెట్టుకుని, కొన్నాళ్ళకి అందర్నీ కలిపి ఒక వేవ్‌లో తీసేస్తారు. మీరు "ఏం కాలేదు" అనుకుంటున్న రెండు వారాలూ మీ పేరు లిస్ట్‌లో ఉండి ఉండొచ్చు. టెలిగ్రామ్‌లో "వంద శాతం యాంటీ బ్యాన్" అని రాసినవాడికి ఈ సంగతి తెలుసు. బ్యాన్ అయ్యేసరికి వాడు గ్రూప్ పేరు మార్చేసి ఉంటాడు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. ఇప్పటిదాకా ఈ ఛానల్‌లో చెప్పలేదు.

బీటెక్ థర్డ్ ఇయర్, హాస్టల్. నా దగ్గర రెండు జీబీ ర్యామ్ ఫోన్. నలుగురం ఒక స్క్వాడ్. కాలేజ్ ఫెస్ట్‌లో టోర్నమెంట్‌కి మనిషికి వంద చొప్పున వేసుకుని పేరు ఇచ్చాం. నా ఫోన్‌లో గేమ్ ఆగి ఆగి నడిచేది. మొదట నిజంగా ల్యాగ్ తగ్గించడానికే కాన్ఫిగ్ ఫైల్ మార్చా. తగ్గింది. ఆ తర్వాత అదే ఫైల్‌లో గడ్డి తీసేసే లైన్ ఒకటి దొరికింది. అది కూడా పెట్టా. రెండు రోజులు నేనే హీరో. "ఏం కళ్ళు రా నీవి!" అని మా వాళ్ళు మెచ్చుకుంటుంటే నవ్వుతూ ఊరుకున్నా. టోర్నమెంట్‌కి రెండు రోజుల ముందు నా ఐడీ బ్యాన్ అయింది. నేను మా వాళ్ళకి ఏం చెప్పానో తెలుసా? సర్వర్ ఇష్యూ అని చెప్పా. వాళ్ళు నమ్మారు. నా తరఫున కంపెనీకి మెయిల్స్ కూడా పెట్టారు. చివరికి ముగ్గురే ఆడారు, మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు. నిజం చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పోయిన ఏడాది గుంటూరులో మా వాడి పెళ్ళిలో చెప్పా. వాళ్ళు నవ్వేశారు. ఒకడు మాత్రం, "ఫైల్ మార్చినందుకు కాదు రా, మాతో మెయిల్స్ పెట్టించావ్ చూడు, అదీ!" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నాది చిన్న విషయం. పెద్ద స్థాయిలో కూడా జరిగింది. 2018 అక్టోబర్‌లో షాంఘైలో కౌంటర్ స్ట్రైక్ టోర్నమెంట్ జరుగుతోంది. ఇండియా టీమ్‌లో ఒక ప్లేయర్ కంప్యూటర్‌లో చీట్ ప్రోగ్రామ్ దొరికింది. ఆ ఫైల్‌కి వర్డ్ డాట్ ఈఎక్స్ఈ అని పేరు పెట్టుకున్నాడు. టీమ్ మొత్తాన్ని టోర్నమెంట్‌లోంచి పంపించేశారు. కొద్ది రోజుల్లోనే ఆ సంస్థ మన దేశంలో టీమ్‌నే ఎత్తేసింది. అతనికి ఐదేళ్ళ బ్యాన్ పడింది. పక్కన కూర్చున్న మిగతా నలుగురూ ఏం చేశారు? ఏమీ చేయలేదు. వాళ్ళ కష్టం కూడా అతనితోపాటే పోయింది.

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. బ్యాన్ అనేది కంపెనీ మీకు వేసే శిక్ష. దానికంటే పెద్దది, ఆ ఫైల్ ఇచ్చినవాడు మీకు చేసే ద్రోహం.

2015 మే నెలలో జీటీఏ 5కి యాంగ్రీ ప్లేన్స్ అని ఒక మోడ్ వచ్చింది. విమానాలు వచ్చి మీ మీద దాడి చేస్తాయి, భలే సరదా. అందులో, నో క్లిప్ అనే ఇంకో మోడ్‌లో మాల్‌వేర్ ఉందని తర్వాత ప్లేయర్సే కనిపెట్టారు. మీరు కీబోర్డ్ మీద ఏం నొక్కుతున్నారో రికార్డ్ చేసే కీలాగర్ కూడా అందులో ఉంది. గమనించండి, అది సింగిల్ ప్లేయర్ మోడ్. అంటే ఆటలో రూల్ దాటకపోయినా ఫైల్ వల్ల ప్రమాదం ఉంటుంది.

2021 మార్చిలో యాక్టివిజన్ కంపెనీ ఒక రిపోర్ట్ ఇచ్చింది. వార్‌జోన్‌కి ఫ్రీ చీట్ అని చెప్పి మాల్‌వేర్ ఎలా పంచుతున్నారో అందులో వివరంగా రాశారు. నిజమైన చీట్ అయినా సరే "యాంటీవైరస్ ఆఫ్ చేయండి, అడ్మిన్‌గా రన్ చేయండి" అని అడుగుతుంది. కాబట్టి దొంగ చీట్ కూడా అదే అడిగితే మనకి అనుమానం రాదు. ఇంటి తాళం మనమే తీసి, కుక్కని మనమే కట్టేసి, రండి అని పిలవడం లాంటిది.

2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ వాళ్ళకి ఇంకో దెబ్బ. కర్స్‌ఫోర్జ్, బక్కిట్ అనే పేరున్న సైట్లలోనే కొన్ని మోడ్స్‌లోకి ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ చేరింది. కొందరు డెవలపర్ల అకౌంట్లు హ్యాక్ చేసి మంచి మోడ్స్‌లోనే కలిపేశారు. బ్రౌజర్ కుకీస్, డిస్కార్డ్, మైన్‌క్రాఫ్ట్ లాగిన్ వివరాలు లాగేసుకునేది. మంచి పేరున్న సైట్‌లోనే అలా జరిగితే, పేరు లేని టెలిగ్రామ్ గ్రూప్ సంగతి ఏంటి?

మన దగ్గర ఈ ఏపీకే అలవాటు బాగా పెరగడానికి ఒక కారణం ఉంది. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని బ్యాన్ చేశారు. బీజీఎంఐ వచ్చింది 2021 జులైలో. మధ్యలో ఉన్న పది నెలలూ మనవాళ్ళు ఏం చేశారు? కొరియన్ వెర్షన్ అని, వీపీఎన్ అని ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ విషయంలోనూ అదే కథ. "అన్‌నోన్ సోర్సెస్ ఆన్ చేయి" అనేది మన పిల్లలకి ఎక్కాలంత తేలిగ్గా వచ్చేసింది.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కి దాన్ని తయారుచేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉంటుంది. మోడ్ ఏపీకే చేసేవాడు యాప్‌ని విప్పి, మార్చి, మళ్ళీ కట్టి తన సంతకం పెట్టాలి. కంపెనీ సంతకం వాడి దగ్గర ఉండదు కదా. అందుకే దాని మీద ప్లే స్టోర్ అప్‌డేట్ ఎక్కదు, అసలు గేమ్ తీసేస్తే తప్ప అది ఇన్‌స్టాల్ అవ్వదు. "ముందు ఒరిజినల్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి" అని వాడు చెప్పేది అందుకే. ఆ మాట వినపడగానే ఆగిపోండి. ఆ క్షణం నుంచి మీ ఫోన్‌లో ఉన్నది ఆ కంపెనీ గేమ్ కాదు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చేసిన యాప్. అందులో మీరు కొట్టే లాగిన్, పాస్‌వర్డ్ వాడి చేతికి ఇస్తున్నట్టే.

మా తమ్ముడు దించుకున్న యాప్ రెండు పర్మిషన్లు అడిగింది. ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ. "యాక్సెసిబిలిటీ ఆన్ చేస్తేనే ఆటో హెడ్‌షాట్ పనిచేస్తుంది" అని వీడియోలో చెప్పాడట. యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్ళ కోసం, చేతులు కదపలేనివాళ్ళ కోసం పెట్టిన సదుపాయం. అది ఇస్తే ఆ యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఎస్ఎంఎస్ ఇస్తే ఓటీపీ చదవగలదు. రెండూ కలిపి ఇచ్చాక ఇక మిగిలింది ఏంటి? రాత్రి ఒంటిగంట దాటాక రెండు విడతలుగా డబ్బు పోయింది.

వాడు మెసేజ్‌లు చూసింది ఐదింటికి. నాకు ఫోన్ చేసింది ఏడింటికి. ఆ రెండు గంటలు ఏం చేశావురా అని అడిగితే, "అమ్మకి ఎలా చెప్పాలో తెలీక కూర్చున్నా" అన్నాడు. నాకు హాస్టల్ గుర్తొచ్చింది. తిట్టడానికి నోరు రాలేదు. "ముందు ఫోన్ అమ్మకి ఇవ్వు, నేను మాట్లాడతా" అన్నా. పిన్ని విన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు ఏం చేయాలో చెప్పు నాన్నా" అంది. అవి ఆమె చీటీ కట్టడానికి పెట్టుకున్న డబ్బులు.

వెంటనే 1930కి ఫోన్ చేయించా. ఇది సైబర్ మోసాలకి దేశమంతా పనిచేసే హెల్ప్‌లైన్. తర్వాత బ్యాంక్‌కి చెప్పి అకౌంట్ ఆపించాం. ఫోన్‌లో డేటా, వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాం. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాం. పన్నెండు వేలు ఇంకో అకౌంట్‌లో ఆగాయి, అవి తిరిగి రావడానికి టైమ్ పడుతుంది. ఆరు వేలు అప్పటికే ఎవరో డ్రా చేసుకున్నారు. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దూకుతూ పోతుంది కాబట్టి ఎంత తొందరగా చెప్తే అంత ఎక్కువ ఆపగలరు.

సరే, ఇప్పుడు ఏం చేయాలో చెప్తా. గేమ్ ల్యాగ్ అవుతుంటే గేమ్ లోపలి సెట్టింగ్స్‌లోనే గ్రాఫిక్స్ తగ్గించండి, వెనక నడిచే యాప్స్ ఆపండి, స్టోరేజ్ ఖాళీ చేయండి, లైట్ వెర్షన్ ఉంటే అది ఆడండి. మోడ్స్ అంటే ఇష్టమా? సింగిల్ ప్లేయర్‌లో చేసుకోండి, తెలిసిన సైట్ నుంచే తీసుకుని స్కాన్ చేసి మరీ వాడండి. అదే పీసీలో ఆన్‌లైన్ కూడా ఆడతారా? ఆన్‌లైన్‌కి వెళ్ళే ముందు మోడ్స్ తీసేసి, స్టీమ్ లాంటి చోట గేమ్ ఫైల్స్ వెరిఫై చేసే ఆప్షన్ ఉంటుంది, అది కొట్టండి. కంపెనీయే మోడ్స్‌కి అనుమతి ఇచ్చిన సర్వర్లు ఉంటే అక్కడ హాయిగా ఆడుకోండి.

ఇప్పటికే మోడ్ ఏపీకే ఉందా? ఈ వీడియో ఆపి ముందు యాక్సెసిబిలిటీ లిస్ట్ చూడండి, తెలియని పేరు ఉంటే ఆఫ్ చేయండి, యాప్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. అప్పటికీ అనుమానం ఉంటే ఫోటోలు దాచుకుని ఫోన్ రీసెట్ చేయడమే మంచిది. బ్యాంక్ సిమ్ ఉన్న ఫోన్‌లో మాత్రం ఇలాంటి ప్రయోగాలు ఎప్పటికీ వద్దు.

అమ్మానాన్నలు ఎవరైనా చూస్తుంటే ఒక్క రిక్వెస్ట్. పిల్లలు వచ్చి "తప్పు చేశా" అని చెప్పినప్పుడు మొదటి అరగంట తిట్టకండి. ముందు 1930కి ఫోన్ చేయండి, తిట్టడం సాయంత్రం చూసుకోవచ్చు. మా పిన్ని అదే చేసింది. సాయంత్రం వాడికి బాగానే పడ్డాయిలెండి.

తమ్ముళ్ళూ, మీకు కూడా ఒక మాట. ఫైల్ మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఇంట్లో చెప్పడానికి నాకు, మా తమ్ముడికి పట్టిన టైమే అసలు నష్టం చేసింది. మీకు ఇలాంటిది జరిగి ఉంటే కామెంట్‌లో రాయండి, పేరు లేకుండా రాసినా పర్లేదు. దాన్ని చదివి ఇంకొకరు ఆగుతారు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఆడండి. ఉంటా మరి.